ఏడిపించే పుస్తకాలు

ఆ పొద్దున మాలిక్ పెట్టుకున్న పని చిన్నదే. లైబ్రరీ తలుపు తీయాలి, హాల్లో బల్లలు వరసగా వేయాలి, వాటి మీద దేశదేశాల పుస్తకాలు పేర్చాలి, పదింటికి ప్రిన్సిపాల్ చేత రిబ్బను కత్తిరింపించాలి. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే దారిలో ఉన్న ఆ ప్రైవేటు కాలేజీలో అతను చాలా ఏళ్ళుగా లైబ్రేరియన్. అది రెండువేల ఒకటో సంవత్సరం. ప్రతి కాలేజీకీ కంప్యూటర్ల పిచ్చి పట్టిన రోజులు. లైబ్రరీ హాలు ఖాళీ చేయించి ల్యాబు పెడదామని యాజమాన్యం తొందరపడుతోంది. పుస్తక ప్రదర్శన పెట్టి చూపిస్తానని మాలిక్ బతిమాలగా బతిమాలగా, "సరే, పెట్టుకోండి. యూనివర్సిటీ కమిటీ వారం చివర వచ్చి చూస్తుంది. బాగుందంటే హాలు మీది, లేదంటే బీరువాలు వరండాలోకి" అని తేల్చి చెప్పారు.

నిజానికి ఆ ప్రదర్శన ఆలోచన మాలిక్‌ది కాదు, అతని భార్య నస్రత్‌ది. ఆమె పెద్దగా చదువుకోలేదు గానీ పుస్తకం దొరికితే వదిలేది కాదు. ఒళ్ళో చేటతో మిరపకాయల తొడిమలు తీస్తూ, పక్కన పుస్తకం పెట్టుకుని, అదే చేత్తో పేజీలు తిప్పేది. "లైబ్రరీ పుస్తకానికి కారం అంటిస్తావా?" అని మాలిక్ కేకలేసేవాడు. ఆమె పట్టించుకునేది కాదు. "ఏవండీ, ఈ రష్యావాళ్ళు కారం లేకుండా ముద్ద ఎట్టా మింగుతున్నారండీ? ఈళ్ళవీ, అరబ్బులవీ, ఆఫ్రికావాళ్ళవీ, మనూరోళ్ళు రాసినవీ అన్నీ ఒక్కచోట పెట్టండి. ఎవరెట్టా బతుకుతున్నారో చూడ్డానికన్నా పిల్లలొస్తారు" అనేది. చూద్దాంలే, చూద్దాంలే అంటూ మాలిక్ ఏళ్ళు గడిపాడు. కిందటి చలికాలం జ్వరంతో పడుకున్న నస్రత్ మళ్ళీ లేవలేదు. మట్టి చేసిన రోజు మాలిక్ కంట ఒక్క చుక్క రాలేదు. "మా బావవి కళ్ళు కావు, రాళ్ళు" అని బావమరిది బుడాన్ అందరి ముందూ అనేశాడు.  మాలిక్‌కీ అదే అనుమానంగా ఉంది.

తలుపు తీసి చూస్తే హాలు వెనక సగం మిరప మూటలతో నిండి ఉంది. కాలేజీ సెక్రటరీ వీరాంజనేయులు మిరప వ్యాపారి. కోల్డ్ స్టోరేజీలు నిండిపోయి, మిర్చి మార్కెట్ యార్డులో రేటు పడిపోయి, రాత్రికి రాత్రి సరుకు తెచ్చి ఇక్కడ దింపించాడు. మాలిక్ ఆఫీసు గదికి పరుగున వెళ్ళి ఫోన్ చేశాడు.

"నాలుగు రోజులే మాలిక్ గారూ, రేటు రాగానే ఎత్తించేస్తా. లైబ్రరీ కంటే భద్రమైన చోటు ఎక్కడుంటదండీ? అక్కడికి ఎవరొస్తారు గనక?"

మాలిక్ ఫోన్ పెట్టేసి బల్లలు ముందు సగంలోకి జరిపించాడు. అటెండరు యలమందయ్య షామియానా గుడ్డ తెచ్చి మూటలకు అడ్డంగా కట్టాడు. ప్రిన్సిపాల్‌కి ఉక్కపోయకూడదని ఆడిటోరియంలోని పెద్ద ఫ్యాను కూడా మోసుకొచ్చాడు. ప్లగ్గు గుడ్డ వెనకాలే ఉంది కాబట్టి ఫ్యానునూ గుడ్డ వెనకాలే, మూటల మధ్య నిలబెట్టాడు.

ప్రిన్సిపాల్ అంకమ్మరావు రిబ్బను కత్తిరించి, ఆఫ్రికా కథల పుస్తకం తీసి మొదటి పేరా గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. యలమందయ్య ఫ్యాను వేశాడు. రెండో వాక్యానికి ప్రిన్సిపాల్ గొంతు జీరపోయింది. మూడో వాక్యానికి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. ముందు వరసలో లెక్చరర్లు ముక్కులు ఎగబీల్చారు. వెనక పిల్లలు చున్నీలు కళ్ళకద్దుకున్నారు.

కారణం అందరికీ ఎక్కడో తెలుస్తూనే ఉండి ఉండాలి. కానీ గుంటూరు గడ్డ మీద పుట్టి, మిరప ఘాటుకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నానని ఒప్పుకోవడమంటే నలుగురిలో తలెత్తుకోలేకపోవడమే. ఆ మాట పైకి అనే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. అంచేత నేరం పుస్తకాల మీద పడింది.

"ఏం రాశాడండీ!" అన్నాడు ప్రిన్సిపాల్ ముక్కు తుడుచుకుంటూ.

"సార్, అది పుస్తకం వల్ల కాదండీ. వెనక మూటలు..." అని మాలిక్ చెవిలో చెప్పబోయాడు.

"ఏమిటి మాలిక్ గారూ, నేను మిరపకాయకి ఏడుస్తున్నానా? మూడు తరాలుగా మిరప పండిస్తున్న ఇల్లండీ మాది!"

ఇంగ్లీషు లెక్చరర్ మాధురి జపాను పూల అలంకరణ పుస్తకం పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. "ఇందులో ఏడవడానికేముందమ్మా?" అని మాలిక్ అడిగాడు. "పాపం, అన్ని పూలు కోసేశారు సార్" అంది. మాలిక్ తన కర్చీఫు తీసి ఆమెకిచ్చాడు. అతని తండ్రి యార్డులో మూటలు మోసినవాడు. మాలిక్ ఆ మూటల మధ్యే పెరిగాడు. ఇంతమంది ఏడుస్తున్నా అతని కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

మర్నాడు పేపర్లో 'గుండెలు పిండేస్తున్న పుస్తకాలు' అని పడింది. దాంతో ఊరు ఊరంతా కదిలింది. ఆటోవాళ్ళు వచ్చారు, పక్క కాలేజీ పిల్లలు బస్సు కట్టించుకుని వచ్చారు. "ఒరేయ్, పుస్తకం చూసి నేనేడుస్తానంట్రా? పందెం!" అని వచ్చిన ఓ మిరప రైతు అరబ్బుల వంటల పుస్తకం ముందు ఓడిపోయి, కళ్ళు తుడుచుకుంటూ మిత్రులకు టీ పోయించాడు. చదువురాని హనుమాయమ్మ అనే ముసలమ్మ కూడా ఓ మూల కూర్చుని కరువుతీరా ఏడ్చింది.

"ఏ పుస్తకం చూపించమంటావు పెద్దమ్మా?" అని అడిగాడు మాలిక్.

"ఏదో ఒకటి పెట్టు నాయనా. పత్తి పోయిన ఏడాదే కొడుకూ పోయాడు. ఇంట్లో ఏడిస్తే కోడలు బెంబేలు పడిద్ది. ఇక్కడైతే అందరూ ఏడుస్తున్నారుగా, నన్నడిగే వాళ్ళుండరు."

మాలిక్ ఆమె ముందు ఒక బొమ్మల పుస్తకం తెరిచి పెట్టాడు. ఆ ముసలమ్మను చూస్తే అతనికి అసూయగా ఉంది.

కమిటీ వచ్చేముందు రోజు ప్రిన్సిపాల్ మాలిక్ భుజం తట్టాడు. "కమిటీ వాళ్ళ కళ్ళు తడిస్తే చాలు, హాలు మీదే. చైర్మన్ చెంచురామయ్య గారితో ఫోన్లో చెప్పేశా, కర్చీఫులు తెచ్చుకోమని."

సరిగ్గా ఆ సాయంత్రమే యార్డులో మిరప రేటు పెరిగింది. వీరాంజనేయులు లారీ పంపించి మూటలన్నీ ఎత్తించేశాడు. కమిటీ వస్తోంది కదా అని యలమందయ్య తెల్లవారుజామునే వచ్చి, ఎవరూ చెప్పకుండానే, గుడ్డ పీకేసి, కిటికీలు తెరిచి, ఫినాయిలు పోసి హాలంతా రెండుసార్లు కడిగాడు.

కమిటీ వచ్చింది. ప్రిన్సిపాల్ కర్చీఫు తీసి ఆఫ్రికా కథ మళ్ళీ చదివాడు. కన్ను చెమర్చలేదు. ఇంకాస్త దీనంగా చదివాడు. ఎవరో ఆవులించారు. మాధురి జపాను పూలను ఎంతసేపు చూసినా అవి పూలలాగే కనిపించాయి.

"పేపర్లో ఏదో రాశారే?" అన్నాడు చెంచురామయ్య వాచీ చూసుకుంటూ. "ఇక్కడ అంత ప్రత్యేకం ఏముందండీ?"

మాలిక్ కంగారుగా చేతికందిన పుస్తకం తీశాడు. అది రష్యా పల్లెటూరి కథల తెలుగు అనువాదం. చూపిద్దామని పేజీలు తిప్పాడు. ప్రతి పేజీ మూలా ఎర్రటి బొటనవేలి ముద్ర ఉంది. మంచులో గుర్రం తప్పిపోయిన ముసలివాడి కథ సగానికి వచ్చేసరికి ముద్రలు ఆగిపోయాయి. ఆ తర్వాతి పేజీలన్నీ మరక లేకుండా తెల్లగా ఉన్నాయి.

జ్వరంలో ఉన్నప్పుడు నస్రత్ అడిగింది. "ఆ ముసలాయనకి గుర్రం దొరికిందో లేదో కాస్త చదివి చెప్పండి." అతను లైబ్రరీకి వెళ్ళే తొందరలో ఉన్నాడు. "తగ్గాక నువ్వే చదువుకుందువుగానిలే" అన్నాడు.

మాలిక్ ఆ పేజీ మీద చెయ్యి పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇన్ని నెలల ఏడుపూ ఒక్కసారే వచ్చింది. ఆపుదామంటే ఆగలేదు.

చెంచురామయ్య ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు. "ఈయనకి ముందే చెప్పి పెట్టారా? మరీ అతిగా ఉందండీ. మమ్మల్ని ఏమనుకున్నారు?"

"నేనేం చెప్పలేదండీ!" అని వెంటపడుతూ ప్రిన్సిపాల్ కారుదాకా వెళ్ళాడు. తిరిగొచ్చి గుమ్మంలోంచే, "పరువు తీశారు కదండీ మాలిక్ గారూ. సోమవారం కంప్యూటర్లొస్తాయి, బీరువాలు వరండాలో పెట్టించండి" అని వెళ్ళిపోయాడు.

హాలు ఖాళీ అయింది. మాలిక్ కుర్చీలో కూలబడి ఆ కథలో మిగిలిన పేజీలు చదువుతున్నాడు. కళ్ళు తుడుచుకుని ఒక వాక్యం చదువుతాడు, మళ్ళీ తుడుచుకుంటాడు. బకెట్టుతో లోపలికొచ్చిన యలమందయ్య అతన్ని చూసి నొచ్చుకున్నాడు.

"అయ్యో సార్, రెండుసార్లు కడిగానండీ. ఇంకా ఘాటు పోలేదా?"

"లేదు యలమందయ్యా. పోలేదు."

యలమందయ్య చీపురు తీసుకుని మూడోసారి కడగడం మొదలుపెట్టాడు.