సముద్రానికి తడి గోనెపట్ట

ఆ రోజు పొద్దున సాదలి హనుమక్క అనుకున్నదల్లా ఇంతే: మల్బరీ ఆకు కోసుకొచ్చి పట్టుపురుగులకు వేయాలి, బెంగళూరు నుంచి వచ్చిన మనవరాలు వినుతకు ఒబ్బట్లు చేసి పెట్టాలి. పురుగులు ఇంకో రెండు రోజుల్లో గూళ్లు కడతాయి. ఈలోగా వేడి ఎక్కువైనా తక్కువైనా నెల చాకిరీ దిబ్బ పాలే. అందుకే ఏప్రిల్ ఎండకు పురుగులింటి వాకిలికి గోనెపట్ట కట్టి, అరగంటకోసారి తడపమని వినుతకు అప్పజెప్పింది. లోపలికి మాత్రం అడుగు పెట్టొద్దంది. పిల్ల ఒంటి నిండా సెంటు. ఆ వాసన పురుగులకు పడదు.

దూరం నుంచి వేడి చూడటమే వినుత చదువు. ఉపగ్రహాలు ఆకాశం నుంచి సముద్రాల పైపొర వేడిని కొలిచి పంపితే, ఆ లెక్కలు చూడటం ఆమె పని. బంగాళాఖాతం నడుమ ఎవరూ చూడని చల్లటి మరకను కనిపెట్టానని, సోమవారం కాలేజీలో అందరి ముందూ చెబుతానని బస్సు దిగినప్పటి నుంచి ఊదరగొడుతోంది. అవ్వ తోటకు వెళ్లగానే తుపాకీలాంటి థర్మామీటరు తీసి, బయటే నిలబడి వాకిలికి గురిపెట్టింది.

"తాతా, ఇరవై ఒకటే ఉండాది. ఎంత ఉండాల?"

"ఇరవై ఐదమ్మా" అన్నాడు ఆంజనేయప్ప.

గాబరాగా బొగ్గుల కుంపటి రాజేసి, పట్ట కింద నుంచే లోపలికి తోశాడు. వినుత అవ్వ మాట తప్పకుండా పట్ట తడిపి మళ్లీ చూసింది. ఇరవై. రెండో కుంపటి వెళ్లింది. పట్ట తడిసింది. పంతొమ్మిది. పక్కింటి సీనప్ప తన కుంపటి కూడా మోసుకొచ్చి, ఏప్రిల్లో ఇంత చలి తాతల కాలంలో కూడా వినలేదంటూ చెవులకు తువ్వాలు చుట్టుకున్నాడు.

హనుమక్క ఆకు మోపుతో వచ్చి పట్ట ఎత్తింది. ఒబ్బట్ల పెనం మీద మొహం పెట్టినట్టయింది. పురుగులు ఆకు ముట్టకుండా తలలెత్తి చూస్తున్నాయి.

"ఎవురప్పా నా పురుగుల్ని వేయిస్తాండేది?"

కుంపట్లు మూడూ బయటికొచ్చాయి. సీనప్ప చప్పుడు కాకుండా తువ్వాలు విప్పుకున్నాడు. అంకె తప్పు కాదని వినుత ఏడుపు మొహంతో వాదించింది. హనుమక్క తుపాకీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నా తడిపట్టను చూసె, పురుగుల్ని యాడ చూసె? పైనుంచి చూసేటప్పుడు సముద్రానికి మోడం అడ్డమొస్తే ఏం చేస్తారే?"

"మోడం చల్లదనమే కనబడుతాది అవ్వా. అట్లాటివన్నీ ఏరి తీసేస్తాము..."

వినుత మాట మధ్యలో ఆగిపోయింది. తడిపట్టను చూసింది. సంచిలోంచి సముద్రం పటం తీసి, తన చల్లటి మరకను చూసింది. ఏరివేతలో తప్పించుకున్న మేఘం, ఎంత దర్జాగా కూర్చుందో.

సాయంత్రానికి పురుగులు మళ్లీ మేత పట్టాయి. ఇల్లంతా వాన కురుస్తున్నట్టు చప్పుడు. సోమవారం పరువు పోయే గండం తప్పినందుకు వినుత నాలుగు ఒబ్బట్లు తిన్నది. తుపాకీ మాత్రం ఆంజనేయప్ప చేతిలోనే ఉండిపోయింది. కాఫీ గ్లాసుకు మూత తీసి మరీ గురిపెడుతున్నాడు.