కొత్త బ్రౌజర్‌లో మా ఊరి బస్సు

సోర్యాంగ్ జిల్లా ప్రజలను పాత బ్రౌజర్ చెర నుంచి విడిపిస్తున్నట్టు మా జిల్లా అధ్యక్షులు ప్యో గీ-హ్వాన్ గారు సోమవారం ఉదయం ప్రకటించారు. మేం చెరలో ఉన్నట్టు అంతవరకూ మాకు తెలియదు. తెలిసే లోపలే విడుదలైపోయాం. ఇంతకంటే మంచి పరిపాలన ఎక్కడుంటుంది.

ఆ ప్రకటన మా నుత్తిగోల్‌కి ఎప్పటిలాగే మైకులో వచ్చింది. ఊరి పెద్ద నామ్‌గూంగ్ గారు ముందు తనకిష్టమైన పాట ఒకటి వేసి, అది పూర్తిగా అయ్యాక గొంతు సవరించుకున్నారు.

"ఆ... ఆ... వినబడుతోందా. ఊరి జనానికి మనవి. ఇవాళ్టి నుంచి మనం స్వేచ్ఛాజీవులం. ఇంకో సంగతి. వెల్లుల్లి మడుల మీద పరిచే ప్లాస్టిక్ షీటు వచ్చింది, హాలు దగ్గరకొచ్చి పట్టుకెళ్లండి. మరో సంగతి. మన ఊరి బస్సు తీసేస్తారట. అభ్యంతరం ఉన్నవాళ్లు శుక్రవారం సాయంత్రం లోపల జిల్లా వెబ్‌సైట్‌లో చెప్పుకోవాలి. కాగితం మీద రాసిస్తే తీసుకోరు. అంతే."

జనం ప్లాస్టిక్ షీటు కోసం హాలుకి పరుగెత్తారు. బస్సు సంగతి చెవినపడింది సన్నే పెద్దమ్మకి ఒక్కదానికే.

మా వైపు కోడళ్లను పుట్టింటి ఊరి పేరుతో పిలుస్తారు. సన్నే నుంచి వచ్చింది కాబట్టి సన్నే పెద్దమ్మ. అసలు పేరు ఏమిటో పక్కింటివాణ్ని, నాకే తెలియదు. టోఫు, అంటే సోయా పాల జున్ను, చేస్తుంది. ఐదు రోజులకోసారి టౌన్‌లో జరిగే సంతకి ఆ టోఫు పెట్టె బస్సులో తీసుకెళ్లి అమ్ముతుంది. పెట్టె ఎక్కించడానికి డ్రైవరే దిగుతాడు.

"బస్సు పోతే సంత పోతుంది. సంత పోతే ఇంకెక్కడికి పోతాను, ఇంట్లో గోడలకేసి చూస్తూ కూచోవాలి" అంది గోడ అవతల నుంచి.

నేను వెల్లుల్లి పండించేవాణ్ని, మాటలు నా పంట కాదు.

పంట బీమా పని మీద మర్నాడు జిల్లా ఆఫీసుకి వెళ్లాను కాబట్టి విముక్తి ఉత్సవం కళ్లారా చూసే భాగ్యం కలిగింది. కొత్త పని ఏది మొదలుపెట్టినా ఉడికించిన పంది తల పెట్టి మొక్కడం మా ఆచారం. కొత్త లారీకి మొక్కుతాం, కొత్త కొట్టుకి మొక్కుతాం. బ్రౌజర్‌కి మొక్కడం మాత్రం దేశంలో ఇదే మొదలని పత్రికల వాళ్లకి చెప్పారు. కంప్యూటర్ ముందు బల్ల మీద పంది తల చక్కగా నవ్వుతోంది. ఏడుపు మొహం తల తెస్తే ఊరుకోనని అధ్యక్షులవారు ముందే చెప్పారట. పొద్దుటి నుంచి ఓ శాఖ శాఖంతా మాంసం కొట్ల వెంట తిరిగి నవ్వే తలని ఎంపిక చేసింది.

అధ్యక్షులవారు కంప్యూటర్‌కి సాష్టాంగపడ్డారు. పంది నోట్లో కానుకగా డబ్బు పెట్టారు. బియ్యపు కల్లు గిన్నెలోకి వంచబోతే కొంత కీబోర్డు మీద పడింది. శుభమన్నారు అందరూ. తరవాత ఆయన స్వహస్తాలతో మౌసు పట్టుకుని, తెర మీద ఉన్న పాత బ్రౌజర్ నీలం బొమ్మని లాక్కెళ్లి చెత్తబుట్ట బొమ్మలో పడేశారు.

"చరిత్ర చెత్తబుట్టలో పడింది" అన్నారు. చప్పట్లు కొట్టాం.

ఒక విలేకరికి సందేహం వచ్చింది. "అయ్యా, బొమ్మ తీసేస్తే బ్రౌజర్ పోయినట్టేనా?"

"బొమ్మ లేనిది నీకు కనిపిస్తుందా?"

"కనిపించదండీ."

"మరి?"

అంత లోతుగా ఆలోచించే నాయకుడు దొరకడం మా అదృష్టం. విలేకరి కూడా ఒప్పుకుని కల్లు గిన్నె అందుకున్నాడు.

బుధవారం మా ఊరికి జిల్లా ఆఫీసు నుంచి మేంగ్ గారు వచ్చారు. ఆయన ప్రత్యామ్నాయ బ్రౌజర్ పరివర్తన ప్రోత్సాహక బృందానికి టీమ్ లీడర్. బృందంలో ఆయన ఒక్కరే, కాబట్టి అభిప్రాయ భేదాలు లేవు. ఊరి హాల్లో అడుగు నుంచి వేడి పెట్టిన వెచ్చటి నేల మీద పేకాట ఆడుకుంటున్న ముసలమ్మలు ముక్కలు దుప్పటి కింద దాచి, కంప్యూటర్‌కి దారి ఇచ్చారు.

మేంగ్ గారు కొత్త బ్రౌజర్ ఎక్కించారు. "చూశారా అమ్మా, ఎంత తొందరగా తెరుచుకుందో."

"ఏం తెరుచుకుంది?" అంది సన్నే పెద్దమ్మ.

"బ్రౌజర్."

"లోపల ఏమీ లేదే."

"ఏమీ లేదు కాబట్టే తొందరగా తెరుచుకుంది."

తరవాత జిల్లా వెబ్‌సైట్ తెరిచారు. తెల్లటి పేజీ మధ్యలో ఒకే వాక్యం. నామ్‌గూంగ్ గారు అలవాటు కొద్దీ మైకు గొంతుతో పైకి చదివారు. "ఈ పేజీ పాత బ్రౌజర్‌లో మాత్రమే పనిచేయును."

మేంగ్ గారు ఏమాత్రం కంగారు పడలేదు. చదువుకున్నవాళ్లకి ఉండే స్థిమితం అది. కొత్త బ్రౌజర్‌కి చిన్న ముక్క ఒకటి తగిలిస్తే, దాని లోపలే పాత బ్రౌజర్ తెరుచుకుంటుందన్నారు.

"అయితే పాతదేగా" అంది పెద్దమ్మ.

"లోపల పాతదే అమ్మా. కానీ కొత్తదాని లోపల పాతది."

"మా ఆయనా అంతే" అంది పేకాడే ముసలమ్మల్లో ఒకావిడ. "కొత్త కోటు తొడుక్కుని తాగొచ్చేవాడు."

ఇక భద్రత మొదలైంది. కీబోర్డు భద్రతకి ఒక ప్రోగ్రాం ఎక్కించమంది కంప్యూటర్. అవునా కాదా అని అడిగింది. అది అయ్యాక దొంగలు రాకుండా ఇంకొకటి. ఆ రెంటికీ పడకపోతే సర్ది చెప్పడానికి మరొకటి. ప్రతిదానికీ అవునా కాదా. మధ్యలో నామ్‌గూంగ్ గారు కళ్లజోడు పెట్టుకుని ఒకటి చదవబోయారు. ఆయన చదువుతుండగానే గడువు దాటిందని చెప్పి కంప్యూటర్ మొదటికొచ్చింది. ఈసారి ఒక ముసలమ్మ వేలు జారి కాదు మీద పడింది. మళ్లీ మొదటికొచ్చింది.

మేంగ్ గారు చెమట తుడుచుకున్నారు. "అమ్మలూ, నాయనలూ, ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చదవకండి. ఏమడిగినా అవును నొక్కండి. కాదు మీద వేలు పెట్టారా, ఇంతే సంగతులు."

"ఏమడిగినానా?"

"ఏమడిగినా."

"పెళ్లినాడు కూడా నన్ను ఇన్నిసార్లు అడగలేదు" అంది సన్నే పెద్దమ్మ. మళ్లీ తనే, "అసలడగనే లేదనుకో" అంది.

అందరూ నేర్చుకున్నారు. సాయంత్రానికి ముసలమ్మలు పేక ముక్క విసిరినంత చులాగ్గా అవును నొక్కుతున్నారు. పెద్దమ్మ దగ్గర మాత్రం పని ఆగింది. ఆవిడ ఫోను అల్లుడి పేరు మీద ఉంది. కాబట్టి ఆవిడ ఆవిడ కాదని కంప్యూటర్ తేల్చింది.

"మరి నేనెవర్ని?"

"మీరే అమ్మా. కానీ బ్యాంకుకెళ్లి మీరేనని సర్టిఫికెట్ తెచ్చుకుంటే గానీ మీరు మీరు కారు."

గురువారం ఆవిడ అదే బస్సెక్కి టౌన్‌కి వెళ్లి, సర్టిఫికెట్ ఉన్న పెన్‌డ్రైవ్‌ని తాడు కట్టి మెళ్లో వేసుకుని తిరిగొచ్చింది.

శుక్రవారం ఊరంతా హాల్లో వరసగా కూచుంది. ముందు సన్నే పెద్దమ్మ. అవును, అవును, అవును. చివర్న తెర నిండా చిన్న అక్షరాలతో ఒక పెట్టె వచ్చింది. ఆవిడ వేలు గాల్లో ఆగింది.

"ఇదేంటి నాయనా, కాస్త వేరేగా ఉంది."

"టైం అయిపోతుందమ్మా, నొక్కండి" అన్నారు వెనకాల నుంచి మేంగ్ గారు.

నొక్కింది. ఆవిడ వెనక నామ్‌గూంగ్ గారు, ఆయన వెనక ముసలమ్మలు, వాళ్ల వెనక నేను. ఆరింటికి ముందే ఊరంతా అయిపోయింది. జిల్లాలో ఇంకే ఊరూ కీబోర్డు భద్రత దాటలేదట. మేంగ్ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దమ్మ ఆయనకి వేడి టోఫు మీద సోయా సాస్ పోసి పెట్టింది.

"మీ మాట పైకి చేరిందమ్మా" అన్నారాయన తింటూ.

చేరినట్టు సోమవారం తెలిసింది. నామ్‌గూంగ్ గారు పాట వేసి, అది అయ్యాక జిల్లా నుంచి వచ్చింది చదివారు.

"ఆ... ఆ... శుభవార్త. ప్రజాభిప్రాయంలో మన ఊరు జిల్లాకే ఫస్టు. నూటికి నూరు శాతం పాల్గొన్నాం. 'నుత్తిగోల్ బస్సు రద్దుకు సమ్మతిస్తున్నాను, బస్సు లేకపోయినా నాకు ఏ ఇబ్బందీ లేదు' అన్నదానికి ఊరు ఊరంతా అవును అన్నారు. కాదన్నవారు..." మైకు కాసేపు గరగరలాడింది. "ఇదేంటే, నేను కూడా నొక్కానే" అని ఆయన భార్యతో అనడం పొలాల దాకా వినబడింది.

సన్నే పెద్దమ్మ మేంగ్ గారికి ఫోన్ చేసింది. "నేను ఆపమంది బస్సుని కాదు నాయనా. ఆపడాన్ని ఆపమన్నాను."

"సిస్టంలో ఎక్కేసిందమ్మా."

"తప్పు నొక్కాను."

"మరి తప్పు నొక్కినట్టు సిస్టంలో పెట్టాలి."

"పెడతాను. ఎప్పటిలోగా?"

"మొన్న శుక్రవారం లోగా అమ్మా."

ఆవిడ ఫోన్ పెట్టేసి, సంతకి సోయా గింజలు నానబోసింది. బస్సు ఆఖరి రోజు సంత రోజే పడింది.

ఆ రోజు అధ్యక్షులవారు మా ఊరికి స్వయంగా వేంచేశారు. ప్రజలతో మమేకం కావాలని కారు వదిలి మా బస్సులోనే వచ్చారు. కారు వెనకే ఖాళీగా వచ్చింది. ఆ వెనక విలేకర్ల బళ్లు. హాలు గోడకి 'ప్రత్యామ్నాయ బ్రౌజర్ ఆదర్శ గ్రామం' అని చెక్కిన రాతి పలక బిగించారు. ఇబ్బందులు లేని ఊరిని తన రాజకీయ జీవితంలో ఇదే మొదటిసారి చూడటమని అధ్యక్షులవారు ప్రసంగించారు. కెమెరాల వైపు తిరిగి కళ్లొత్తుకున్నారు. మాకూ ఏదోలా అయింది.

ప్రసంగం అవుతుండగానే పెద్దమ్మ టోఫు పెట్టెతో బస్సు దగ్గరికి నడిచింది. డ్రైవర్ దిగలేదు. అద్దం దించాడు.

"ఎక్కించుకోవద్దని ఆర్డర్ పెద్దమ్మా. నేరుగా షెడ్డుకి పొమ్మన్నారు."

"నిన్నేమంటాంలే. జాగ్రత్తగా పో."

బస్సు వెళ్లిపోయింది. ఆవిడ దుమ్ము తగ్గేదాకా నిలబడి, అక్కడున్న నల్ల కారు తలుపు తీసి, పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూచుంది.

"అమ్మా, ఇది అధ్యక్షులవారి కారు" అన్నాడు దాని డ్రైవర్.

"తెలుసు బాబూ. ఖాళీగా వచ్చావు, చూశాను. పోయేటప్పుడు కూడా ఖాళీ ఎందుకు, పెట్రోలు దండగ."

ఆవిడ పక్కన నువ్వుల నూనె సీసాలతో ఒక ముసలమ్మ చేరింది. ఎండు ముల్లంగి ఆకు మూటతో ఇంకొకావిడ. మూడో ఆవిడ ముందు సీటు తీసుకుని బెల్టు పెట్టుకుంది. కెమెరాలన్నీ అటు తిరిగాయి. ఆ వెంటనే అధ్యక్షులవారూ తిరిగారు. ఒక్క క్షణం ఆయన మొహంలో ఏమీ కనిపించలేదు. తరవాత నవ్వు వచ్చింది.

"ప్రజల కారు. ప్రజల్ని సంతకి చేర్చడం కంటే దానికి వేరే పనేముంది" అన్నారు. "పోనీయ్, డ్రైవర్."

కారు కదిలింది. టోఫు దిగే ఫొటో కావాలని విలేకర్లు బళ్లెక్కి దాని వెనక ఉరికారు. రోడ్డు మీద అధ్యక్షులవారు, మేంగ్ గారు, నామ్‌గూంగ్ గారు, నేను మిగిలాం. అధ్యక్షులవారు వెల్లుల్లి మడుల వైపు చూశారు.

"మేంగ్, ఆఫీసు నుంచి ఇంకో కారు పిలిపించు."

"సిస్టంలో రిక్వెస్టు పెట్టాలండి. పెడతాను. ఆమోదించాల్సింది మీరు."

"ఆమోదిస్తాను."

"మీ సర్టిఫికెట్ మీ ఆఫీసు కంప్యూటర్లో ఉందండి."

అధ్యక్షులవారు టై వదులు చేసుకున్నారు. రోడ్డు ఆ చివర చూశారు, ఈ చివర చూశారు. చివరికి నా వైపు తిరిగారు.

"ఏమయ్యా, ఇక్కణ్నుంచి టౌన్‌కి పోవాలంటే ఇబ్బంది కదూ. మీరంతా ఎలా పోతారు?"

"అలాంటి ఇబ్బందేం లేదండీ మాకు" అన్నాను. "ఊరంతా రాసిచ్చాం."