లండన్ వెళ్ళే ఫోటోగ్రాఫరుకు ముప్ఫైఒక్క సూచనలు

పొద్దున్న ఐదున్నరకు హోటలు మెట్ల దగ్గర కలుసుకోవాలి. ఆరుకల్లా నది మీద వంతెన చేరాలి. ఎండ నీళ్ళ మీద పడగానే నాలుగు ఫోటోలు తీసుకుని, ఎనిమిదికి తిరిగొచ్చి తీరుబడిగా టిఫిను తినాలి. ఐలిఫ్ స్కార్‌స్టైన్ వేసుకున్న పథకం ఇంతే. వంక పెట్టడానికేమీ లేని పథకం. వంతెన ఎటువైపు ఉందో ఆయనకు తెలియదు, అదొక్కటే లోటు.

ఐలిఫ్‌ది నార్వేలోని బెర్గెన్. ఏడాదిలో సగానికి పైగా వాన పడే ఆ ఊళ్ళో ఫోటోలు తీసే అవకాశం కన్నా ఫోటోల గురించి మాట్లాడే అవకాశమే ఎక్కువ. అక్కడి కెమెరా క్లబ్బుకు ఆయన పదకొండేళ్ళుగా కార్యదర్శి. అంతకు ముందు ఫెర్రీల్లో టికెట్లు తనిఖీ చేసేవాడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ, ఎదుటివాళ్ళు చేస్తున్న తప్పేమిటో వాళ్ళకు చెప్పే అలవాటు నుంచి రిటైరు కాలేదు. రెండేళ్ళ కిందట క్లబ్బు పత్రికలో లండన్ వెళ్ళే ఫోటోగ్రాఫరుకు ముప్ఫైఒక్క సూచనలు రాశాడు. సభ్యులు ఆ పేజీని కత్తిరించి దాచుకున్నారు. ఎంత తిరిగితే ఇంత తెలుస్తుంది అని ముక్కున వేలేసుకున్నారు. ఆ సూచనలు ఎక్కడి నుంచి వచ్చాయో ఐలిఫ్‌కూ ఆయన కంప్యూటరుకూ తప్ప మరొకరికి తెలియదు.

అంతా సవ్యంగానే సాగిపోయేది, క్లబ్బు లాటరీలో సున్నీవా ట్వేతాన్‌కు ఇద్దరికి సరిపడా లండన్ ప్రయాణం తగలకపోతే. సున్నీవా నలభై ఏళ్ళు మందుల దుకాణంలో పనిచేసిన మనిషి. చీటీలో భోజనానికి ముందు అని ఉంటే, భోజనం తరవాత మింగినవాణ్ణి నేరస్థుడిలా చూసే రకం. టికెట్లు అందుకోగానే ఆమె నిండు సభలో లేచి నిలబడింది.

"ఐలిఫ్ గారే నాతో రావాలి. సందుసందూ తెలిసిన మనిషి పక్కనుంటే నాకింక భయమేముంది?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఐలిఫ్ కూడా కొట్టాడు. తాను లండన్‌ను చూసింది విమానం మారడానికి దిగినప్పుడు, అదీ అద్దంలోంచి, అని చెప్పడానికి అది సమయం కాదు.

ఐదున్నరకు ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా సున్నీవా మెట్ల దగ్గర ప్రత్యక్షమైంది. భుజాన చేపల దుకాణం సంచీ. అందులోంచి నల్లటి ముద్దలాంటిది తీసి చూపించింది.

"నాలుగో సూచన. కంపెనీ పేరు కనబడకుండా కెమెరాకి నల్ల టేపు చుట్టమన్నారుగా. మూడు పొరలు చుట్టాను. ఇప్పుడు బటన్లు కూడా కనబట్టం లేదు."

"మరీ మూడెందుకండీ?"

"ఎన్ని పొరలో మీరు రాయలేదు. తక్కువయితే ప్రమాదం కదా?"

ఐలిఫ్ మాట మార్చాడు. ఆయన కెమెరా కూడా కూరగాయల సంచీలో ఉంది. దొంగల కళ్ళు కప్పడానికి పైన ఒక నిండు క్యాబేజీ పెట్టాడు. అసలు పాస్‌పోర్టులు హోటల్లో వదిలి, నకళ్ళు మాత్రం లోపలి చొక్కాలకు పిన్నీసుతో గుచ్చుకున్నారు. కెమెరాలోంచి మెమరీ కార్డు తీసి మేజోడులో దాచుకోవాలన్నది తొమ్మిదో సూచన. అదీ అయింది.

"వంతెన ఎటువైపండీ?" అని అడిగింది సున్నీవా.

"అందరూ నడిచే దారిలో మనం నడవకూడదు," అన్నాడు ఐలిఫ్, నదికి వీపు పెట్టి.

గంటన్నర నడిచారు. సూర్యుడు తన మానాన తను లేచి, ఎవరి ఫోటోలోనూ పడకుండా, గాజు భవనాల వెనక పైకెళ్ళిపోయాడు. చివరికి నాలుగు వైపులా అద్దాల మేడలున్న ఒక రాతి ఆవరణలో తేలారు. నీటిచుక్క కూడా లేదు. "ఇదే నేను చూపిద్దామనుకున్న చోటు," అన్నాడు ఐలిఫ్. సున్నీవా నమ్మి, మూడుకాళ్ళ స్టాండు విప్పింది. రెండో కాలు పూర్తిగా సాగకముందే నీలం కోటు వేసుకున్న లావుపాటి కాపలాదారు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఇది ప్రైవేటు స్థలం. స్టాండ్లు పెట్టకూడదు. పర్మిషనుందా?"

ఐలిఫ్ కాళ్ళు అప్పటికే తిరుగుదారి పట్టాయి. సున్నీవా మాత్రం చలించలేదు. కాపలాదారు అడ్డొస్తే తడబడకుండా 'పొద్దుటి షూటింగుకి వచ్చాం' అని చెప్పి, ఆపైన నోరు మూసుకోమన్నది పద్నాలుగో సూచన. ఆమె అక్షరం పొల్లుపోకుండా ఆ మాటే అని నోరు మూసుకుంది.

కాపలాదారు మొహం విప్పారింది. "హమ్మయ్య! వచ్చారా నాయనా! ఇరవై నిమిషాల్నించి లోపల నా ప్రాణం తోడేస్తున్నారు. పదండి, పదండి. ఆ సామానిలా ఇవ్వండి."

"ఇవ్వను," అంది సున్నీవా సంచీని గుండెకు హత్తుకుని. ఎంత మర్యాదస్తుడు అడిగినా కెమెరా చేతికివ్వకూడదన్నది ఆరో సూచన.

అద్దాల తలుపులు తెరుచుకున్నాయి. లోపల పాలరాతి మెట్ల మీద నూట నలభై మంది ముదురు రంగు సూట్లలో, గౌన్లలో వరసలుగా నిలబడి ఉన్నారు. అదొక బీమా కంపెనీ. కొత్తగా వచ్చిన చైర్మన్ సిబ్బందితో కలిసి ఫోటో దిగాలని ముచ్చటపడ్డాడు. ఆయన ముందు వరసలో, మధ్యలో, పొట్టిగా, ఎర్రగా ఉన్నాడు. ప్రచారం వ్యవహారాలు చూసే క్రిస్పిన్ అనే సన్నటి మనిషి చేతులు నలుపుకుంటూ ఎదురొచ్చాడు.

"ఫోటోగ్రాఫరు మీరేనా?"

నిజం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. ఐలిఫ్ నోరు తెరిచాడు కూడా. కానీ మెట్ల మీది నూట నలభై జతల కళ్ళూ తన వైపు తిరిగాయి. బెర్గెన్‌లో ఆయన ఫోటోలు తీస్తానంటే సొంత వదినగారే ముసుగుతన్ని పడుకునేది. తన కోసం ఇంతమంది దుస్తులు సర్దుకుని నిలబడటం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"నేనే," అన్నాడు. "వెలుతురు కోసం ఆగాం."

"మనం భవనం లోపల ఉన్నాం కదయ్యా," అన్నాడు చైర్మన్.

ఐలిఫ్ సంచీలో చెయ్యి పెట్టి క్యాబేజీ తీశాడు. దాన్నెక్కడ పెట్టాలో తోచక క్రిస్పిన్ చేతికిచ్చాడు. క్రిస్పిన్ అటూ ఇటూ చూశాడు. తెలియదని ఒప్పుకోవడం ఆయన ఉద్యోగంలో లేని పని.

"ఎక్కడ పట్టుకోమంటారు?"

"కాస్త ఎడమకి."

"క్యాబేజీ ఎందుకు, క్రిస్పిన్?" అని గట్టిగా అడిగాడు చైర్మన్.

"రంగులు సరిచూసుకోవడానికండి. ఇప్పుడు పెద్దపెద్దవాళ్ళంతా ఇలాగే చేస్తున్నారు."

చైర్మన్ నాకా మాత్రం తెలుసులే అన్నట్టు తల పంకించాడు.

తరవాత ఐలిఫ్ పాలరాతి నేల మీద చతికిలబడి ఎడమ బూటు విప్పాడు. మేజోడు తీసి దులిపాడు. ఏమీ రాలలేదు. కుడిది విప్పాడు. అందులోంచీ ఏమీ రాలలేదు. మెట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు గుర్తొచ్చింది. కార్డు పెట్టింది నిన్నటి మేజోడులో. ఆ జతను సాయంత్రం సబ్బుపెట్టి రుద్ది, హోటలు కిటికీలో ఆరేశాడు.

"పాలరాతి చలి పాదాలకి తగిలితే చెయ్యి వణకదు," అని ప్రకటించాడు.

కార్డు లేకపోయినా టకటకమనడానికి కెమెరాకు అభ్యంతరం లేదు. ఐలిఫ్ వట్టి కాళ్ళతో అటూ ఇటూ తిరుగుతూ నొక్కుతూ పోయాడు. నొక్కేకొద్దీ ధైర్యం వచ్చింది. ధైర్యం వచ్చేకొద్దీ ఫెర్రీ తనిఖీదారు బయటికొచ్చాడు. మూడో వరసలో టై వంకరగా ఉన్నవాణ్ణి నిలదీశాడు. నవ్విన అమ్మాయిని నవ్వొద్దన్నాడు, నవ్వనివాణ్ణి నవ్వమన్నాడు.

"చైర్మన్ గారూ, మీరు రెండు మెట్లెక్కండి. వెనకవాళ్ళ నడుములే కనబడుతున్నాయి గానీ మీరు కనబట్టం లేదు."

సిబ్బంది అంత ఆనందంగా పని మొదలుపెట్టిన రోజు ఆ కంపెనీ చరిత్రలో లేదు. చైర్మన్ మొహం కందగడ్డలా అయింది.

"చాలు. ఏదీ, ఒకటి చూపించు."

"ఇంటికెళ్ళి కడిగాక చూపిస్తానండి."

"ఇది డిజిటల్ కెమెరా. నాకూ ఒకటుంది. ఇలా తే."

ఐలిఫ్ రెండడుగులు వెనక్కి వేశాడు. సరిగ్గా అప్పుడే గాజు తలుపులు తోసుకుని ఒక నడివయసు స్త్రీ రెండు పెట్టెలు ఈడ్చుకుంటూ లోపలికొచ్చింది.

"క్షమించండి, క్షమించండి! రైలు సొరంగంలో ఆగిపోయింది. హెస్టర్ ప్రింగ్‌ని. ఫోటోగ్రాఫర్ని." చుట్టూ చూసింది. వట్టికాళ్ళ మనిషినీ, క్యాబేజీ పట్టుకున్న మనిషినీ చూసి, "ఇదేమైనా పూజా?" అంది.

క్రిస్పిన్ తెల్లబోయాడు. చైర్మన్ కెమెరా లాక్కుని తెర చూశాడు. కార్డు లేదు అని ఎర్రటి అక్షరాలు.

"నన్ను అరగంట మెట్లెక్కించి దింపింది దేనికయ్యా? ఎవరు మీరు?"

"పక్క కంపెనీ వాళ్ళు పంపిన గూఢచారులండి!" అన్నాడు క్రిస్పిన్. తప్పు ఎవరిమీదైనా వెయ్యాలిగా. "తలుపులు మూయండి. పోలీసుల్ని పిలవండి."

కాపలాదారు తలుపుకు అడ్డంగా నిలబడి పుస్తకం తీశాడు. "పేర్లు చెప్పండి."

"స్కార్‌స్టైన్," అన్నాడు ఐలిఫ్.

సున్నీవా అదిరిపడింది. "ఐలిఫ్ గారూ! ఇరవైరెండో సూచన! ముక్కూమొహం తెలియనివాళ్ళకి అసలు పేరు చెప్పకూడదని మీరేగా రాశారు!" తరవాత కాపలాదారు వైపు తిరిగి, ప్రశాంతంగా, "నా పేరు మిసెస్ స్మిత్," అంది. అడిగినప్పుడు గుర్తింపు పత్రం కూడా చూపించింది. మెడ దగ్గర లోపలి చొక్కాకున్న పిన్నీసు తీసి ఇచ్చిన ఆ కాగితం మీద మరో పేరుంది.

ఐలిఫ్‌కు పరదేశంలో పోలీసులు, బెర్గెన్ పత్రికలో వార్త, వదినగారి మొహం, అన్నీ వరసగా కళ్ళ ముందు కదిలాయి. సున్నీవా మాత్రం మెట్టు మీద కూర్చుని పొట్లం విప్పి, గోధుమరంగు జున్ను పెట్టిన రొట్టె ఒకటి కాపలాదారుకిచ్చింది.

"సబ్బా?" అన్నాడు అతను అనుమానంగా.

"జున్ను. తినండి. పొద్దుట్నించి నిలబడే ఉన్నారు." చేతులు దులుపుకుని చైర్మన్‌తో అంది, "మేమేం తప్పు చెయ్యలేదండీ. మా ఐలిఫ్ గారికి ఈ ఊరు కొట్టినపిండి. అంతా రాసే ఉంది." చేపల సంచీలోంచి క్లబ్బు పత్రిక తీసి, ఇంగ్లీషులోకి మార్చి ఒక్కొక్కటే చదవసాగింది. టేపు సంగతి చదివింది. క్యాబేజీ సంగతి చదివింది. క్రిస్పిన్ ఆ కూరగాయను నెమ్మదిగా వీపు వెనక్కి తీసుకున్నాడు. ఆమె మేజోడు దగ్గరికొచ్చేసరికి హెస్టర్ పెట్టె మీద కూలబడి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

"పదోది నన్ను చెప్పనివ్వండి," అంది ఊపిరి తీసుకుంటూ. "పావురాల ఫోటో తీసేముందు వాటికి మీ పేరు చెప్పి పరిచయం చేసుకోండి. అవునా?"

సున్నీవా కాగితం చూసింది. "అవును. నిన్న నేను చెప్పాను కూడా. మీకెలా తెలుసు?"

"ఎందుకంటే రాసింది నేను గనక! మూడేళ్ళ కిందట, ఏప్రిల్ ఒకటో తారీఖున, ఇంటర్నెట్లో. మా ఊరొచ్చి వెర్రివేషాలేసే ఫోటోగ్రాఫర్లని ఆటపట్టిద్దామని. ఇలా చేసి చూడండి, సాయంత్రానికి జైల్లో ఉంటారు అని పైన పెద్దక్షరాల్లో పెట్టాను."

ఆ పెద్దక్షరాలు ఐలిఫ్‌కు గుర్తున్నాయి. ఏదో ప్రకటన అనుకుని వదిలేశాడు.

మెట్ల మీది నూట నలభై మందీ ఒకళ్ళ భుజాల మీంచి ఒకళ్ళు తొంగి చూస్తున్నారు. సున్నీవా పత్రిక మడిచింది.

"ఐలిఫ్ గారూ, మీరు లండన్ ఎన్నిసార్లొచ్చారు?"

"ఒకసారి."

"ఎన్నాళ్ళున్నారు?"

"యాభై నిమిషాలు."

"నలభై ఏళ్ళు మందులమ్మాను. డాక్టరు సంతకం చూడకుండా ఎవరికీ ఒక్క మాత్ర ఇవ్వలేదు," అంది సున్నీవా. కోపంగా కూడా అనలేదు. "మీ దగ్గర ఎందుకు చూడలేదో నాకే తెలీదు."

పోలీసులు, కేసు, అరెస్టు మూడూ కలిసి వచ్చినా ఐలిఫ్‌ను అంతగా కుంగదీసేవి కావు. ఆయన తల వంచుకుని బూట్లు తొడుక్కున్నాడు.

వాళ్ళను వదిలెయ్యమని హెస్టరే చైర్మన్‌ను బతిమాలింది. నవ్వాపుకోలేక చచ్చిపోతున్న సిబ్బందిని చూసి చైర్మన్ కూడా మెత్తబడ్డాడు. ఇంతమంది మొహాలు ఒకేసారి వెలగడం ఆయన వచ్చాక ఇదే మొదలు. వెలుతురు తిప్పే తెల్ల అట్ట పట్టుకోవడానికి మనిషి కావాలంది హెస్టర్. ఎక్కడ పట్టుకోమంటే అక్కడ, ఎంత వంచమంటే అంత, సున్నీవా రాయిలా నిలబడింది. ఆరు నిమిషాల్లో ఫోటో అయిపోయింది. క్యాబేజీ ఉండి తీరాలని క్రిస్పిన్ ఆఖరిదాకా పట్టుబట్టడంతో దాన్ని కూడా ఓ మూల నిలబెట్టారు. మిగిలిన రెండు రోజులూ సున్నీవా హెస్టర్ వెంట ఊరంతా తిరిగింది. ఐలిఫ్ హోటల్లో కూర్చుని, సబ్బునీళ్ళు తాగిన కార్డును జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఆరబెట్టాడు.

జూన్‌లో జరిగిన క్లబ్బు సమావేశంలో సున్నీవా కార్యదర్శి అయింది. పోటీకి ఎవరూ నిలబడలేదు. లండన్ గురించి ఆమె రాసింది మూడే వాక్యాలు: దారి తెలియకపోతే అడగండి, ఫోటో తీసేముందు అడగండి, వాళ్ళు వద్దంటే మానెయ్యండి. వ్యాసం పేలవంగా ఉందని సభ్యులు పెదవి విరిచారు. పాతాయన రాసినదాంట్లో ఉన్న అనుభవం ఇందులో లేదన్నారు.

ఐలిఫ్ ఇప్పుడు ఫోటోల జోలికి పోవడం లేదు. అడవి పుట్టగొడుగులు ఏరుకునేవాళ్ళ సంఘంలో చేరి, వేటిని నిర్భయంగా వండుకోవచ్చో వాళ్ళ పత్రికలో నెలనెలా రాస్తున్నాడు.