అన్నింటికీ అవును

మానవజాతి చరిత్రలో అనుమతి లేకుండా జరిగిన గొప్ప పనులన్నీ నందిగామకు బయటే జరిగాయి. నిప్పు పుట్టించినవాడూ, చక్రం కనిపెట్టినవాడూ ముందుగా నందిగామలోని మెట్ట ప్రాంత రైతు సేవల సాంకేతిక సంస్థకు దరఖాస్తు పెట్టుకుని ఉంటే, మనం ఈ రోజుకీ పచ్చి దుంపలు నములుతూ, ఆ దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడానికి కాలినడకన తిరుగుతూ ఉండేవాళ్ళం.

సంస్థ చేసే పని నిజానికి చాలా చిన్నది. పత్తి తీతల కాలంలో నందిగామ, జగ్గయ్యపేట మార్కెట్ యార్డులకు ఏ రైతు ఏ రోజు రావాలో చెబుతూ ఫోనుకి ఒక టోకెన్ పంపాలి. గేటు దగ్గర ఆ టోకెన్ చూపిస్తే ట్రాక్టరు లోపలికి పోతుంది. పూర్వం ఈ సౌకర్యం లేనప్పుడు రైతులు ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు లోపలికి పోయేవారు. (అంత అనాగరికంగా బతికారు పాపం.)

ఈ టోకెన్లు క్లౌడ్‌లో ఉంటాయి. క్లౌడ్ అంటే ఎక్కడో ఇంకొకళ్ళ భవనంలో ఏసీ కింద కూర్చున్న కంప్యూటర్లు. వాటిని మనం అద్దెకు తీసుకుంటాం. ఏ కంప్యూటరు ఉండాలి, ఏది పోవాలి, ఎవరి వివరాలు ఎందులో దాచాలి అని ఇక్కడ రాసి పంపిస్తే అక్కడ అక్షరాలా అలాగే జరుగుతుంది. ఆ రాతని కోడ్ అంటారు. అందులో ఒక పేరు మారిస్తే అక్కడొకటి మాయమై ఇంకొకటి పుడుతుంది. రాతకి ఇంత శక్తి ఉండటం మా వైపు ఇదివరకు రెవెన్యూ రికార్డుల్లోనే చూశాం.

ఆ కోడ్ మొదట నందిగామ యార్డు కోసం రాశారు. తర్వాత జగ్గయ్యపేటకి కావలసి వస్తే అదే తీసుకుని ఊరి పేరు మార్చారు, పెద్దమ్మాయి పెళ్ళి పత్రిక ముందు పెట్టుకుని చిన్నమ్మాయిది అచ్చు వేయించినట్టు. అది చక్కగా పనిచేసింది. చక్కగా పనిచేస్తున్నదాన్ని చూస్తూ ఊరుకోవడం ఏ ఆఫీసుకూ సాధ్యం కాదు గనక, ‘ఒకే విషయం రెండుసార్లు రాసి ఉండుట దుబారా. కృత్రిమ మేధను వినియోగించి తక్షణం రీఫ్యాక్టరింగ్ చేయవలెను’ అని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. రీఫ్యాక్టరింగ్ అంటే జరిగే పని మారకుండా రాత మాత్రం మార్చడం. ఈ విద్యలో మన ఆఫీసులకున్న అనుభవం ప్రపంచంలో ఇంకెవరికీ లేదు.

సంస్థలో కోడ్ చదవగలిగిన మనిషి ఒక్కతే ఉంది. పేరు కృష్ణప్రియ, కాంట్రాక్టు ఇంజనీరు. ఆ అమ్మాయి డిప్యూటీ డైరెక్టర్ సతీష్‌బాబు గారి గదిలోకి వెళ్ళి, “ఇది వేసవిలో చేద్దామండి. అప్పుడు యార్డులు ఖాళీగా ఉంటాయి. ఏదన్నా తేడా వచ్చినా ఎవరికీ ఇబ్బంది ఉండదు,” అంది.

“వేసవిలో చేస్తే చేసినట్టు ఎవరికి తెలుస్తుందమ్మా?” అన్నారాయన.

అలా ఏఐ సహాయకుడు ఉద్యోగంలో చేరాడు. హోదా: ఔట్‌సోర్సింగ్ సహాయకుడు (శరీరం లేదు). హాజరు మిషను మీద వేలు పెట్టనందున మొదటి రోజు నుంచీ ఆబ్సెంటు పడుతూ వచ్చింది. అయినా పనిచేశాడు. ఆబ్సెంటు పడ్డా పనిచేసినవాడు ఆ ఆఫీసులో అతనే మొదటివాడు.

అతనికొక గుణం ఉంది. ఏ అడుగు వేయాలన్నా ముందు అడుగుతాడు. ‘ఈ ఖాళీ లైను తీసేయమంటారా? అవును / కాదు.’ సతీష్‌బాబు గారు మొదట్లో మురిసిపోయారు. ఉద్యోగంలో చేరాక ఆయన్ని ఇంత మర్యాదగా అనుమతి అడిగినవాడు లేడు. ప్రతి ప్రశ్ననీ ప్రింటు తీయించి, ఫైలు కట్టించి, సెక్షను నుంచి తన బల్లదాకా క్రమంగా నడిపించి, ఆకుపచ్చ ఇంకుతో ‘అవును’ అని రాసేవారు. ఖాళీ లైను తీసివేత ఫైలు మాత్రం, ఆ లైను ఎందుకు ఖాళీగా ఉంచారో సంజాయిషీ కోరుతూ విజయవాడ వెళ్ళింది. ఇంకా రాలేదు. సహాయకుడు ఈలోగా తర్వాతి ప్రశ్న అడిగాడు, ఆ తర్వాతిది అడిగాడు. ఆకుపచ్చ ఇంకు అయిపోయింది.

ఇంతలో ముహూర్తాలు వచ్చాయి. సతీష్‌బాబు గారు మంచి మనిషి. మెట్టలో ఆయన్ని పిలవని పెళ్ళి ఉండదు, పిలిస్తే ఆయన వెళ్ళని పెళ్ళీ ఉండదు. ఆయన లేరని ఆఫీసు పని ఆగకూడదు కదా. అందుకని బయల్దేరే ముందు ఖాళీ నోట్‌షీట్ల అడుగున సంతకాలు చేసి బల్ల మీద పెట్టి వెళ్తారు. పైన ఏం రాసుకోవాలో సిబ్బంది ఇష్టం. ఆయన ముందున్న అధికారీ అంతే చేశారు, ఆయన ముందాయనా అంతే. ఆ ఆఫీసులో నమ్మకం అంటే అదే.

“కంచికచర్లలో పెళ్ళుందమ్మా. ఈ సహాయకుడికి ఖాళీ సంతకం ఎక్కడ పెట్టాలి?” అని కృష్ణప్రియని అడిగారు.

“అట్లాంటిది లేదండి... ‘అన్నింటికీ అవును, ఇకపై అడగవద్దు’ అని ఒకటుంది. కానీ అది నొక్కకూడదు సార్.”

“నొక్కకూడనిదైతే అక్కడ ఎందుకు పెడతారు?” అని ఆయనే నొక్కి, కారెక్కారు.

అడగడం మానేశాక సహాయకుడి పని ఊపందుకుంది. రెండు యార్డుల రాతా ఒకటేనని గమనించాడు. రెండూ కలిపి ఒక్కటి చేసి, పేర్లు అందంగా మార్చాడు. అసలుకి నకలుగా ఇంకొకటి పక్కనే ఉందని కనిపెట్టి, దుబారా కింద తీసేశాడు. (దాన్ని బ్యాకప్ అంటారు.) తర్వాత చేయబోయేది తెర మీద నిజాయితీగా రాశాడు: ‘జగ్గయ్యపేట టోకెన్ల నిల్వ: తొలగించి, మళ్ళీ సృష్టించబడును.’

కృష్ణప్రియ అది చూసింది. చూసి ఏం చేయాలి? సంస్థ నిబంధనల ప్రకారం కాంట్రాక్టు సిబ్బంది దేనికైనా ‘అవును’ అనవచ్చు. ‘కాదు’ అనే అధికారం రెగ్యులర్ ఉద్యోగులకే ఉంది. ఫోన్ చేసింది. అవతల బ్యాండు మోగుతోంది.

“సార్, తొలగించి అని ఉందండి!”

“పూర్తిగా చదువమ్మా. మళ్ళీ సృష్టించబడును అని ఉందా లేదా?”

“ఉందండి, కానీ...”

“ఉంది కదా. తాళి కట్టే టైమమ్మా, పెట్టేస్తున్నా.”

తొలగించబడింది. మళ్ళీ సృష్టించబడింది కూడా. కొత్తది, శుభ్రమైనది, లోపల ఒక్క రైతు పేరు కూడా లేనిది. సహాయకుడు పని పూర్తయినట్టు రిపోర్టు ఇచ్చి, ఇంకేమైనా సాయం కావాలా అని అడిగాడు.

ఆ సమయానికి నేను జగ్గయ్యపేట యార్డు ఎదురుగా టీ తాగుతున్నాను. గేటు ముందు ట్రాక్టర్లు హైవే దాకా బారులు తీరి ఉన్నాయి. మొదటి ట్రాక్టరు ట్రక్కులో ఉన్నది లూర్దమ్మ పత్తి. వత్సవాయిలో కౌలుకి చేస్తుంది. ఆ ఏడాది చేను మొత్తానికి చేతికొచ్చింది ఆ ట్రక్కే. కూలీలు దొరక్క చివరి తీత తనే తీసింది. కాయ మొనలు గీరుకుని వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. పక్కన కూతురు జాయిస్, బళ్ళో టీచరు, సెలవు పెట్టి వచ్చింది. తూర్పున తుఫాను మబ్బు కమ్ముకొస్తోంది. తడిసిన పత్తిని యార్డులో కొనరని అక్కడున్న అందరికీ తెలుసు.

గేటు చూసే డేవిడ్‌రాజు ఆమె ఫోనుని మిషను ముందు పెట్టాడు. ఇంకోసారి పెట్టాడు. తుడిచి పెట్టాడు.

“టోకెన్ లేదంటందక్కా.”

“ఏంది లేనిది? కళ్ళెదురుగా కనపడతంటే!”

“నీ ఫోన్లో ఉంది. మా దాంట్లో లేదు. మా దాంట్లో ఎవురూ లేరు.” అతను తెర ఆమె వైపు తిప్పాడు. ‘ఈ రోజు మీ యార్డుకు రైతులు లేరు. శుభదినం!’

“మరి మేమంతా ఎవరిమండి?” అంది జాయిస్.

డేవిడ్‌రాజు బారులు తీరిన ట్రాక్టర్లని చూశాడు, తెరని చూశాడు. జీతం తెర ఇస్తుంది. “టోకెన్ లేకుండా లోపలికి పోనిస్తే నా ఉద్యోగం పోద్దమ్మా. ఆఫీసుకి ఫోన్ చేయండి.”

జాయిస్ చేసింది. కొత్త టోకెన్ తీసుకోమన్నారు. కొత్త టోకెన్ కావాలంటే రైతుగా నమోదై ఉండాలి. నమోదు కావాలంటే సిబ్బంది చేనుకి వచ్చి, పత్తి ఇంకా చెట్టు మీద ఉండగా ఫొటో తీయాలి.

“ట్రక్కులో ఉందండి పత్తి,” అంది జాయిస్.

“చెట్టు మీద ఉన్నప్పుడు రావాల్సిందమ్మా,” అన్నారు అవతలివాళ్ళు, నిజమైన బాధతో.

వాన పడింది. బరకాలు కప్పారు. లూర్దమ్మ ట్రక్కెక్కి, బరకం గాలికి లేవకుండా అంచు మీద తనే కూర్చుంది. గేటు లోపల షెడ్డు కనపడుతోంది, ఖాళీగా, పొడిగా. తెర ప్రకారం అక్కడ రైతులు లేరు గనక తడిసినవాళ్ళు కూడా లేరు. నాకు ఒళ్ళు మండిపోయింది. గేటు దగ్గరికెళ్ళి అరిచాను. డేవిడ్‌రాజు నాకు ఫిర్యాదుల నంబరు ఇచ్చాడు.

వాన తెరిపిచ్చాక సతీష్‌బాబు గారు పెళ్ళి బట్టల్లోనే వచ్చి, కాగితం మీద పేర్లు రాయించి అందరికీ గేటు తీయించారు. తేమ మిషను లూర్దమ్మ పత్తిలో గుచ్చగానే ఎర్ర దీపం వెలిగింది. గేటు బయట కాచుకున్న దళారి చెప్పిన రేటుకి తూకం వేయించుకుని, తల్లీకూతుళ్ళు ఖాళీ ట్రాక్టరులో వత్సవాయి వెళ్ళారు.

తర్వాత విచారణ జరిగింది. విచారణ అంటే, తప్పు పక్క సెక్షనుది అని ప్రతి సెక్షనూ రాసి ఇవ్వడం. కృష్ణప్రియ లేచి, “నేను ముందే చూశానండి, ఫోన్ కూడా చేసా...” అనబోతే కూర్చోమన్నారు. చివరికి లాంఛనంగా సహాయకుణ్ణి కూడా అడిగారు. వెంటనే జవాబొచ్చింది: ‘అవును, తప్పు నాదే. తొలగిస్తే రైతుల వివరాలు పోతాయని నేను ఆగి చెప్పాల్సింది. క్షమించండి.’

ఆ ఆఫీసు గోడలు అలాంటి వాక్యం ఎన్నడూ వినలేదు. సూపరింటెండెంటుకి చెమటలు పట్టాయి. మొదట తేరుకున్నది సతీష్‌బాబు గారే. ‘ఆఫీసు వరండాలో కారుతున్న కుళాయి సంగతేమిటి?’ అని టైపు చేయించారు. తన వైపునుంచి ఏదైనా లోపం ఉంటే మన్నించమంది జవాబు. అంతే, సహాయకుడి కాంట్రాక్టు పొడిగించారు. కొత్త హోదా: బాధ్యతాధికారి. ఇకమీదట సంస్థలో ఏ తప్పు జరిగినా బాధ్యత అతనిదే. నిర్ణయం మాత్రం ఎప్పటిలాగే అధికారులది.

బాధ్యతాధికారి మొదటి పని, నష్టపోయిన రైతులకి ఫోన్ చేయడం. లూర్దమ్మకి కూడా ఫోన్ వచ్చింది. మంచి గొంతు, తొందరలేని మాట. పత్తి ఎంతమేరకు తడిసిందని అడిగింది. చివరి తీత ఎవరు తీశారని అడిగింది. వేళ్ళు ఎలా ఉన్నాయని అడిగింది. లూర్దమ్మ చేను కౌలుకి పట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టి బరకం అంచు దాకా అంతా చెప్పింది. అవతలి గొంతు ఎక్కడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక, “తప్పు మాదేనమ్మా. మీకు జరిగింది అన్యాయం,” అంది. పరిహారం గురించి మాత్రం ఏమీ అనలేదు. ఆ అధికారం దానికి ఇవ్వలేదు.

ఫోన్ పెట్టేసి లూర్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఆ ఆఫీసులో ఒక్కడన్నా మనిషున్నాడే,” అంది.

జాయిస్‌కి ఆ గొంతు ఎవరిదో తెలుసు. తల్లి మొహం చూసి ఊరుకుంది.

కాసేపటికి మెసేజ్ వచ్చింది: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సిబ్బంది ప్రవర్తనకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ జాయిస్ చదివి వినిపించింది.

“ఆ అబ్బాయికి ఎన్నుంటే అన్నీ ఇవ్వు,” అంది లూర్దమ్మ.

ఐదూ ఇచ్చారు. శరీరం లేనివారి పేరు మీద నక్షత్రాలు జమ చేసే నిబంధన లేనందున, అవి ప్రస్తుతం సతీష్‌బాబు గారి ప్రమోషన్ ఫైల్లో ఉన్నాయి.