అప్పారావోకోకస్ బారసాల

పేరు లేని ప్రాణిని చంపే అధికారం ఈ దేశంలో ఎవరికీ లేదు! ఈ మహత్తర ధర్మసూత్రాన్ని మా అమలాపురం వ్యవసాయాధికారిగారు కుర్చీలోంచి లేవకుండానే ప్రకటించారు.

విన్నది మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే రేచల్. మామిడికుదురులో వాళ్లమ్మ సుందరమ్మగారి కొబ్బరితోటకి పిండినల్లి పట్టింది. ఆకుల అడుగున తెల్లగా పిండి చల్లినట్టు చేరి రసం పీల్చేస్తోంది. ఏ మందుకీ లొంగలేదు. రేచల్ దాన్ని పరీక్షించి, పెద్ద శాస్త్రవేత్తలకి చూపించి, తెలిసిన ఏ ప్రజాతిలోనూ ఇది చేరదని తేల్చింది. ప్రజాతి అంటే పురుగులకి ఇంటిపేరు లాంటిది. దీన్ని తినే మిత్రపురుగులు సర్కారు ల్యాబులో ఉన్నాయి. వదలాలంటే ముందు రైతులకి కరపత్రం వెయ్యాలని రూలు.

"ఇంటిపేరు లేని పురుగుమీద కరపత్రం ఎలా వేస్తామండీ? పేరు పెట్టుకు రండి, మర్నాడే వేయించేస్తాను," అన్నారు అధికారిగారు. మా కోనసీమలో లేదని చెప్పినా కాఫీ ఇచ్చాకే చెబుతారు.

పేరు పెట్టే హక్కు కనిపెట్టిన మనిషిదే. రేచల్ ఆ పూటే పెట్టేసేది. కానీ సంగతి మా ప్రిన్సిపాల్ గౌరీశంకరంగారి చెవిన పడింది. ప్రపంచంలో శాశ్వతంగా నిలిచే పేరు, అదీ ఖర్చు లేకుండా! వెంటనే నామకరణ సంఘం వేశారు. తెలుగు లెక్చరర్ని కాబట్టి నన్ను కన్వీనర్ని చేశారు. నాకు తెలిసిన పురుగు బియ్యంలో వచ్చేదొక్కటే.

కాలేజీ కరస్పాండెంట్ గంగబాబుగారు తమ తండ్రి, కీర్తిశేషులు అప్పారావుగారిని ప్రతిపాదించారు.

"నాన్నగారి పేరున బస్ షెల్టర్ కట్టించేం, కల్యాణమండపం కట్టించేం, శ్మశానానికి గేటు పెట్టించేం. సైన్సులోనే లోటండీ."

"ఆయ్, తీరని లోటండీ!" అన్నాం అందరం.

"అది చీడపురుగండీ," అంది రేచల్. "అమ్మ తోట ఎండిపోతోంది. ఏదో ఒకటి తొందరగా తేల్చేయండి సార్."

"తొందరపడితే ఎలాగమ్మా? ముహూర్తం చూడొద్దూ?" అన్నారు ప్రిన్సిపాల్.

ముహూర్తం కుదిరేసరికి చెట్లు మరికొన్ని పోయాయి. కానీ బారసాల మాత్రం ఘనంగా జరిగింది! వెండి పళ్లెంలో బియ్యం పోసి, పిండినల్లుల పేర్లకి తగిలించే 'కోకస్' అనే తోక కలిపి, గంగబాబుగారు ఉంగరంతో 'అప్పారావోకోకస్' అని రాశారు. గాజుసీసాలో కొబ్బరాకు మీద శిశువు నిద్రపోతోంది. ముత్తయిదువలు పాట పాడారు. ఫ్లెక్సీలో ఒకవైపు అప్పారావుగారు, మరోవైపు అంతే సైజులో పిండినల్లి. ఎవరిది ఎక్కువ తేజస్సో చెప్పడం కష్టం! అందరికీ పూతరేకులు పంచారు. వెనక వరసలో కూర్చున్న సుందరమ్మగారు తన వంతు ముట్టుకోలేదు.

అధికారిగారు మాట తప్పలేదు. మర్నాడే కరపత్రం నమూనా పంపారు. సంఘం ముందు నేనే పైకి చదివాను.

"రైతు సోదరులారా! అప్పారావోకోకస్ పరమ నికృష్టమైన చీడ. ఒళ్లు కదపకుండా ఇతరుల రసం పీల్చి బతుకుతుంది. ఎక్కడ కనబడినా కనికరించక సంతానంతో సహా నాశనం చేయండి."

"సంతానమంటే నేనే కదండీ!" అని గంగబాబుగారు లేచి నిలబడ్డారు.

కరపత్రం ఆగిపోయింది. 'శ్రీ అప్పారావోకోకస్ వారు తోటలు ఖాళీ చేయవలసిందిగా సవినయంగా కోరడమైనది' అని అధికారిగారు తిరగరాసి పంపారు. అదీ చెల్లలేదు. కరపత్రం లేదు కనుక మిత్రపురుగులు ల్యాబు దాటలేదు. పిండినల్లి మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా పి.గన్నవరం దాకా వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. మండుతూనే 'ఆయ్' అన్నాను. ఉద్యోగం అలాంటిది!

రేచల్ పరిశోధనా పత్రం ఇంకా అచ్చుకి వెళ్లలేదు కనుక పేరు మార్చుకోవచ్చని ప్రిన్సిపాల్ కనిపెట్టారు. మరి ఎవరి పేరు పెట్టాలి? సంఘంలో ప్రతివారికీ హఠాత్తుగా వినయం పుట్టుకొచ్చింది. "నాకంత అర్హత లేదండీ" అంటే "నాకసలే లేదండీ" అన్నారు. చివరికి గంగబాబుగారి ముఖం వెలిగింది.

"పురుగు పుట్టింది ఎవరి తోటలోనండీ? సుందరమ్మగారి తోటలో! ధర్మంగా ఆ గౌరవం ఆవిడదే. సామాజిక న్యాయం కూడా చేసినవాళ్లమవుతాం!"

సుందరమ్మగారిని పిలిపించి, ముందు వరసలో కుర్చీ వేసి, శాలువా కప్పారు. రేచల్ కోపంతో లేవబోయింది. తల్లే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"పెట్టేయండి బాబూ," అన్నారు సుందరమ్మగారు. "నా పేరైతే చంపడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. ఆ ముక్క మొదట్లోనే తోచుంటే నా తోట సగమన్నా మిగిలేదండీ."

ఆవిడ త్యాగబుద్ధికి సంఘమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కరపత్రం ఆ సాయంత్రమే అచ్చుకి వెళ్లింది.