మొదలు లేని నంబరు

మట్టెవాడ బట్టల వ్యాపారి కిషన్ రావు దుకాణం పెట్టి పాతికేళ్లయిన సందర్భంగా లక్కీ డ్రా పెట్టాడు. ఆఖరి డ్రాకు ఆరుగురు మిగిలారు. బహుమతి ఒక పట్టుచీర. కూపన్ల పని కొత్త కోడలు సౌమ్యకు అప్పగించాడు. ఆమె కాలేజీలో లెక్కలు చెబుతుంది. మామగారు దుకాణం పని చెప్పడం అదే మొదటిసారి కాబట్టి ఎలాగైనా మెప్పు పొందాలనుకుంది.

"ఒకటి, రెండు అని వెయ్యకు బిడ్డా. నంబరు లక్షల్ల ఉండాలె. జనం మస్తుగ వచ్చిన్రనుకోవాలె," అన్నాడాయన.

సౌమ్య తనకిష్టమైన 142857ను తీసుకుని, ఒకటి నుంచి ఆరు దాకా గుణించి ఆరు కూపన్లు చేసింది.

డ్రా రోజు ఉదయం కిషన్ రావు దేవుడి ముందు చీటీ తీసి, గెలిచిన నంబరును దుకాణం ముందు ముగ్గులో రాయమని భార్య విజయలక్ష్మికిచ్చాడు. ఆవిడ గుండ్రంగా ఆరు రేకుల పువ్వు వేసి, రేకుకో అంకె రాసింది. చీటీ కాస్తా నీళ్ల బకెట్లో పడి నానిపోయింది.

ఆ ఆరుగురిలో ముందుగా లచ్చవ్వ వచ్చి, "నా నంబరే సేటు," అంది. ఆమెది 142857.

వెనకే వచ్చిన నర్సింగం రెండు అంకె దగ్గర నిలబడ్డాడు. "ఈడికెల్లి చదువు సేటు. 285714. నాది."

కాసేపటికి ఆరుగురూ ముగ్గు చుట్టూ చేరి, ఎవరి రేకు దగ్గర్నుంచి వాళ్లు చదవసాగారు.

"ఏడ మొదలువెట్టినవ్?" కిషన్ రావు భార్యను అడిగాడు.

"ముగ్గుకు మొదలేడుంటది?" అందావిడ.

ఆయనకూ గుర్తులేదు. చీటీలో ఆ అంకెలన్నీ ఉన్నాయని మాత్రం గట్టిగా చెప్పగలడు.

లోపలి నుంచి వచ్చిన సౌమ్య ముగ్గు చూసి మురిసిపోయింది. "గమ్మత్తు చూడున్రి. లచ్చవ్వ నంబరును రెండుతోని గుణిస్తే నర్సింగం మామది, మూడుతోని గుణిస్తే ఇందుది వస్తది. అంకెలు గవ్వే, వరుస తిరుగుతది అంతే."

అందరూ ఫోన్లు తీసి గుణించారు. నిజమే.

"అంటే నాది లచ్చవ్వకు డబల్," అన్నాడు నర్సింగం. "నాకు రెండు చీరలియ్యాలె."

"గట్లయితే నాకు మూడు," అంది ఇందు. అందరికంటే పెద్ద నంబరున్న ఉప్పలయ్య నేరుగా లోపలికెళ్లి చీరలు ఎంచుకోవడం మొదలుపెట్టాడు.

"బిడ్డా, నువ్వు జర లోపలికి పో," అన్నాడు కిషన్ రావు. ఆ గొంతులో కోపం లేదు. సౌమ్యకు అదే ఎక్కువ బాధనిపించింది. ఆమె కదల్లేదు.

"నర్సింగం మామా, మీ నంబరు ఏడికెల్లి వచ్చింది?"

"లచ్చవ్వ దాంట్లకెల్లి."

"అందరియి గంతే. అసలు నంబరు లచ్చవ్వది. మిగిలినయన్ని దానికి పిల్లలు."

నర్సింగం ఫోను జేబులో పెట్టుకున్నాడు. చీర లచ్చవ్వ చేతికొచ్చింది. ఆమె దాన్ని కళ్లకద్దుకుని ఆగిపోయింది.

"ఐదుగురు పిల్లలు ఎదురుంగ నిలవడితె నేనొక్కదాన్నే ఎట్ల కట్టుకుంట సేటు? ఆడోళ్లకు జాకెట్ ముక్కలు, మొగోళ్లకు తువాలలు పెట్టు."

కిషన్ రావు నవ్వి అలాగే పెట్టాడు. తగాదా చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఇక దుకాణంలోకి వచ్చి బేరాలు మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి లోపల అడుగు పెట్టే చోటు లేదు. ఆయన కోడలిని పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఇగ నువ్వే చూస్కో బిడ్డా. నాకేం ఫికర్ లేదు."

సౌమ్యకు కడుపు నిండిపోయింది. అంతలో లచ్చవ్వ తిరిగొచ్చి, ఈ రంగు చీర తన దగ్గర ఉందని, మార్చి ఇమ్మంది. పొద్దుగూకే దాకా చీరలు విప్పి చూపించినా, ఆవిడ ఏ రంగు దగ్గర ఆగుతుందో సౌమ్య లెక్కకు అందలేదు.