డాక్టరుగారి చూపు ఎక్కడుంది?

మనం కళ్ళు మూసుకుని దండం పెట్టినా దేవుడికి కనపడతామే, కళ్ళు తెరుచుకుని కూర్చున్న డాక్టరుకి ఎందుకు కనపడం? టైలరుకి ఏళ్ళ తరబడి ఇదే అనుమానం.

భార్య గొంతు పక్కన గడ్డ మొదట్లో శనగగింజంత ఉండేది. ఇప్పుడు మెడలో గొలుసుకి కొక్కెం అందడం లేదు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా డాక్టరు కంప్యూటర్లో మొహం పెట్టి, టకటకా కొట్టి, "ఈసారి వచ్చినప్పుడు చూస్తానమ్మా" అనేవాడు. ఆ చూపు అలా బాకీ పడిపోయింది.

అంతలో ఆరోగ్య మంత్రిగారు చారిత్రక ప్రకటన చేశారు. "డాక్టర్ల చూపు ఎక్కడుందో ఇకపై సైన్సే చెబుతుంది!"

డాక్టరుకి ఓ కళ్ళజోడు తగిలించారు. స్క్రీను మీద ఆయన చూపు ఎక్కడ ఎక్కువసేపు ఆగితే, రిపోర్టులో అక్కడ ఎర్రరంగు పడుతుంది. నెల తిరిగేసరికి రిపోర్టు వచ్చింది. ఎరుపంతా ఒక్కచోటే. పేజీ తెరిచినప్పుడల్లా ఎగిరొచ్చే మంత్రిగారి ఫొటో మీద, కుడిచెవి పక్కన.

"అభిమానం సార్!" అన్నాడు ఈ స్టడీ చూసే ఆఫీసరు గద్గదంగా.

"చెవే ఎందుకయ్యా?" మంత్రిగారు సిగ్గుపడ్డారు.

"ప్రజల మొర ఆలకించే చెవి కదండీ!"

ఫొటోని మూసే ఇంటూ గుర్తు ఆ చెవి పక్కనే ఉందని డాక్టరు చెప్పబోయాడు.

"కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు మాట్లాడకూడదు. స్టడీ పాడైపోతుంది" అన్నాడు ఆఫీసరు.

డాక్టర్ల అభిమానానికి అడ్డు ఉండకూడదని ఫొటోని స్క్రీను నిండా పెంచారు. మూసే గుర్తు తీసేశారు.

మర్నాడు టైలరు దంపతులు వెళ్ళేసరికి డాక్టరు అలవాటుగా స్క్రీను వైపు తిరిగాడు. మంత్రిగారు నవ్వుతున్నారు. మౌసు కదిపాడు. నవ్వుతూనే ఉన్నారు. కంప్యూటర్ని రెండు చరుపులు చరిచాడు. నవ్వు చెక్కుచెదరలేదు. చూడ్డానికి ఇంకేమీ లేక ఇటు తిరిగాడు.

"అమ్మా! ఆ మెడేమిటి అలా ఉంది?"

"కనపడిందా బాబూ!" అందామె.

గడ్డని వేళ్ళతో తడిమాడు. గుటక వెయ్యమన్నాడు. "ఇంత పెరిగేదాకా రాకుండా ఏం చేస్తున్నారు?"

"వస్తూనే ఉన్నామండీ. తమరే..." అంటున్న టైలరుని భార్య మోచేత్తో పొడిచింది.

"ఇవాళే పరీక్ష చేయించండి. ఇంకా మించిపోలేదు" అంటూ చీటీ రాశాడు డాక్టరు.

కళ్ళజోడు కుయ్యిమంది. ఆఫీసరు పరిగెత్తుకొచ్చాడు. "సార్, చూపు స్క్రీను దాటింది! ఇది తప్పు రీడింగు, కొట్టేస్తున్నాం."

"ఇక పదండి" అంది భార్య.

"ఉండవే. ఆయన అడ్డొచ్చాడు గనకే మన బాకీ తీరింది" అంటూ టైలరు చెప్పులు విడిచి, స్క్రీను నిండా నవ్వుతున్న మంత్రిగారికి కళ్ళు మూసుకుని దండం పెట్టాడు.